పడవ ఎడమకెందుకు తిరిగింది

కడపలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతూ, వర్క్‌షాపు చూసుకుంటూ రిటైరైన వాణ్ణి. ఈ మధ్య మా పక్కింటివాళ్ళ అల్లుడికి అలాంటి ఉద్యోగమే వచ్చింది. చేరేముందు నా దగ్గరికి వచ్చి, "సార్, ఈ పనిలో ముఖ్యంగా తెలుసుకోవాల్సిందేమిటి?" అని అడిగాడు. మర్యాదకు నాలుగు ముక్కలు చెప్పి, కాఫీ ఇచ్చి పంపించాను. తరవాత ఆలోచిస్తే, నేను చెప్పినవాటిలో ఒక్కటీ నాకు ఎప్పుడూ పనికొచ్చింది కాదు.

లెక్కలు పుస్తకంలో ఉంటాయి. మిషను అమ్మినవాడు దాన్ని ఎలా నడపాలో కాగితం ఇచ్చిపోతాడు. చేసిన వస్తువు పని చెయ్యనని మొండికేసినప్పుడు, దాని చుట్టూ నిలబడ్డ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు చూడండి, అప్పుడు మేష్టరనేవాడు ఏం చెయ్యాలో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. నా ఉద్యోగమంతా నిజానికి అదే. అందుకని ఆ అల్లుడికి ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. ఒక పడవ గురించి రాస్తే మిగతాదంతా దాంట్లోనే వస్తుంది.

కడపలో పడవేమిటని నవ్వకండి. మొదట మేమూ నవ్వాం.

ఈత రాని వాళ్ళ పడవ

రెండు వేల తరవాతి సంవత్సరాలు అవి. మెకానికల్ చదివినవాడు, సివిల్ చదివినవాడు అందరూ కంప్యూటరు ఉద్యోగాలకే పోతున్న కాలం. వర్క్‌షాపులో లేతు మిషను తాకే పిల్లలు తగ్గిపోయారు. అలాంటి రోజుల్లో చివరి సంవత్సరం ప్రాజెక్టు చేస్తామని ముగ్గురు వచ్చారు. శ్రీకాంత్, నస్రీన్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు. ఓబులేసు మా మెకానికల్ వాడు.

మనిషి ఎక్కకుండా, రిమోటు పట్టుకోకుండా, చెప్పిన చోటికి తనంతట తాను పోయి తిరిగొచ్చే పడవ చేస్తామన్నారు. తానెక్కడున్నదీ ఉపగ్రహాల నుంచి తెలుసుకోవడానికి జీపీఎస్ ముక్క ఒకటి, ఏ దిక్కుకు తిరిగి ఉన్నదీ తెలుసుకోవడానికి ఎలక్ట్రానిక్ దిక్సూచి ఒకటి. ఆ రెండూ చూసుకుని చుక్కానిని తిప్పడానికి నస్రీన్ రాసే ప్రోగ్రాము. పడవ ఒళ్ళు, మోటారు, చుక్కాని ఓబులేసు పని.

"పడవే ఎందుకమ్మా? నాలుగు చక్రాల బండి చేసుకుంటే పోలా?" అన్నాను.

"అందరూ అదే చేస్తాండారు సార్. చెరువుల్లో పూడిక ఎంత పేరుకుందో కొలిచేదానికి ఇట్లాంటిది కావల్ల. మొదలు పడవ పోయి రానీ, కొలత తరవాత చూస్తాం," అంది నస్రీన్. ఆ పిల్ల ఏం అడిగినా జవాబు సిద్ధంగా పెట్టుకునేది.

"మీలో ఈత ఎవరికొచ్చు?"

ముగ్గురూ నేల చూశారు. తరవాత నస్రీన్ తలెత్తి, "మీకొచ్చా సార్?" అంది. నేను వెంటనే మోటారు గురించి మాట్లాడటం మొదలుపెట్టాను.

ఓబులేసు గురించి కాస్త చెప్పాలి. మంగంపేట గనుల దగ్గరి పల్లె వాడిది. తండ్రి సుబ్బన్న ముగ్గురాయి టిప్పరు నడుపుతాడు. పుస్తకాల్లో బెరైటీస్ అంటారు గానీ, అక్కడివాళ్ళకది ముగ్గురాయే. ఓబులేసు చేతిలో ఆకురాయి పెడితే ఇనుము మాట వినేది. పరీక్ష పేపరు పెడితే వాడే బిక్కచచ్చిపోయేవాడు. తప్పిన పేపర్లు రాసుకుంటూ, ఎక్కుతూ దిగుతూ చివరి సంవత్సరం దాకా వచ్చాడు. ఇంటికి పోతే తండ్రి ఒకటే మాట అనేవాడట: "ఎన్నాళ్ళు సదువుతావురా, బండి మీదికి రా."

ఒకరోజు చుక్కాని కోసం ఇత్తడి రేకు కోస్తూ, తల ఎత్తకుండానే చెప్పాడు. "ఈ ప్రాజెక్టు గూడా పోతే నేనింక సదవను సార్. బండి మీదికి పోతా. మా నాయన దానికోసరమే ఎదురుసూస్తాండాడు."

ఊరికే అన్న మాట కాదని నాకు తెలుసు. అప్పటినుంచి ఆ పడవ నాకు కూడా ఉత్త ప్రాజెక్టు కాకుండా పోయింది.

కరిగిన థర్మోకోలు, మునిగిన బ్యాటరీ

పెళ్ళి మండపాలు అలంకరించేవాళ్ళ దగ్గర మిగిలిన థర్మోకోలు దిమ్మలు తెచ్చి పడవ ఆకారంలో చెక్కారు. శానా అందంగా వచ్చింది. దాని మీద ఫైబర్ గ్లాసు గుడ్డ పరిచి, రెజిన్ పూసి, మధ్యాహ్నం అన్నానికి పోయారు. తిరిగొచ్చేసరికి పడవ లేదు. రెజిన్ తగిలి థర్మోకోలు కరిగిపోయి, లోపల పురుగు తిన్న పుచ్చకాయలాగా అయ్యింది. శ్రీకాంత్ తల పట్టుకున్నాడు. నాకు నవ్వాగలేదు. ఈ తప్పు ప్రతివాడూ ఒకసారి చేస్తాడు. ముందే చెప్పి ఆపొచ్చు గదా అంటారేమో. చెబితే వింటారు, మరిచిపోతారు. కరిగితే జన్మలో మరిచిపోరు. నష్టం చిన్నదైతే పిల్లల్ని తప్పు చెయ్యనివ్వాలని నా అభిప్రాయం.

రెండోసారి దిమ్మ మీద సినిమా పోస్టర్లు అంటించినట్టు మైదా జిగురుతో పాత పేపర్లు అంటించి, ఆ పైన ప్లాస్టిక్ టేపు చుట్టి, అప్పుడు ఫైబర్ వేశారు. ఈసారి నిలిచింది. నిలువెత్తు మనిషి పడుకుంటే ఎంత ఉంటాడో అంత పొడుగు.

మోటారు నుంచి ఇరుసు పడవ ఒంట్లోంచి బయటికి వచ్చే చోట నీళ్ళు కారకుండా చెయ్యడం పెద్ద తలనొప్పి. శ్రీకాంత్ రకరకాల రబ్బరు ముక్కలు తెచ్చాడు. ఓబులేసు మాత్రం బావి మోటారు పంపుకు చుట్టినట్టు, గ్రీజు పట్టించిన నూలుతాడు చుట్టి నట్టు బిగించాడు. "బొట్టు బొట్టు కారితే కారనీ సార్, బిగుసుకుపోతే ఇరుసు కాల్తాది," అన్నాడు. మా వైపు పిల్లలకు పడవలు తెలియవు గానీ, పంపులు ఉగ్గుపాలతో నేర్చుకుంటారు.

ఒక చీనీ బత్తాయి తోటలో బోరు నీళ్ళు పట్టే సిమెంటు తొట్టి ఉంటే, అందులో మొదటిసారి దించాం. పడవ ఒక్క క్షణం నిలబడి, సిగ్గుపడ్డట్టు పక్కకు ఒరిగి, బోర్లా పడింది. బ్యాటరీ నీళ్ళపాలు. పైన బరువెక్కువ, అడుగున తక్కువ. అడుగున బరువు వెయ్యాలి.

"ఇనుప ముక్కలు వేద్దాం," అన్నాడు శ్రీకాంత్. అని, తనే నాలుక కరుచుకున్నాడు. దిక్సూచి అయస్కాంతం మీద ఆధారపడేది. దగ్గర్లో ఇనుముంటే దానికి దిక్కు తప్పుతుంది. మోటారులో అయస్కాంతాలు ఉంటాయని, దాన్ని వెనక పెట్టి, దిక్సూచిని పడవ ముక్కులో పెట్టారు. ముందు సగంలో మేకు కూడా ఇత్తడిదే వాడాలని వాళ్ళ కట్టుబాటు.

"ముగ్గురాయి వేస్తే సరిపాయ," అన్నాడు ఓబులేసు.

నిజమే. ముగ్గురాయి చూడటానికి మామూలు రాయిలాగే ఉంటుంది. ఎత్తితే చెయ్యి దిగిపోతుంది. ఇనుమూ కాదు. ఆ వారమే సుబ్బన్న తన టిప్పరులో ఒక బస్తా వేసుకుని స్వయంగా కాలేజీకి వచ్చాడు.

ఒంటరిగా పోయేది

ఎత్తు మనిషి, భుజాన తువ్వాలు, మాట తక్కువ. బండిని మాత్రం పెళ్ళికూతురిలా చూసుకునేవాడు. అద్దానికి పూలు, ముందర నిమ్మకాయలూ మిరపకాయలూ, బంపరు మీద గుర్రపు లాడం, దానికి పసుపూ కుంకుమా.

వర్క్‌షాపులోకి వచ్చి పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. చెయ్యి వెయ్యలేదు.

"దీన్ని ఎవురు నడుపుతారు?" అన్నాడు.

"ఎవరూ నడపరు, మామా. అదే పోతాది," అంది నస్రీన్.

"ఎవురూ ల్యాకుండానా?"

"ఎవరూ లేకుండానే."

సుబ్బన్న చాలాసేపు పడవ వంకే చూశాడు. తరవాత నా వైపు తిరిగి, "ఒంటిగా పోతాది అంటాండారు. నలుగురూ సూసేది. ఇట్లా బోసిగా పంపుతారా సారూ? మా బండికి రంగులేసే వాడుండాడు. రెండు దినాలు నాకియ్యండి," అన్నాడు.

తండ్రి పోయాక ఓబులేసు మొహం మాడ్చుకున్నాడు. "ఎగతాళి సార్. మా నాయనకు ఇదంతా ఎగతాళి," అన్నాడు. నేను అవునని గానీ కాదని గానీ అనలేదు. తండ్రీకొడుకుల మధ్య మాట తక్కువైన చోట, మనం పూడ్చబోతే గుంత ఇంకా పెద్దదౌతుంది.

పడవ టిప్పరెక్కి పోయి, రంగులేసుకుని తిరిగొచ్చింది. రెండు పక్కలా నెమళ్ళు, వెనక తామరపువ్వు, అంచంతా ఎర్రగీత. చూసిన కాలేజీ అంతా నవ్వింది. నాకు మాత్రం నచ్చింది. అది మా జిల్లా పడవ అని ఎవరికీ చెప్పనక్కర్లేదు.

తొట్టిలో దించితే ముక్కు కాస్త కిందికి వంగింది. రంగు బరువై ఉంటుందని, ముందున్న ముగ్గురాయి సంచిని వెనక్కి జరిపి సరిచేశారు.

ఎడమకు

ఆ ఏడు వానలు బాగా పడి ఊరి బయట చెరువు నిండింది. మా వైపు చెరువు నిండిందంటే పండగ. చూడ్డానికే జనం పోతారు. పరీక్షలు పెట్టడానికి వచ్చే ఎగ్జామినరుకు అక్కడే చూపించాలని అనుకున్నారు. ఈ గట్టున వదిలితే, చెరువు మధ్య తేలేలా కట్టిన ఎర్ర డబ్బాను చుట్టి, తిరిగి ఈ గట్టుకే రావాలి.

మొదటిసారి వదిలారు. పడవ కొంతదూరం బుద్ధిగా పోయి, ఎడమకు తిరిగి జమ్ములో దూరింది. వెనక కట్టిన నైలాన్ తాడుతో లాక్కొచ్చారు. మళ్ళీ వదిలారు. మళ్ళీ ఎడమకే. ఎన్నిసార్లు వదిలినా ఆ జమ్ములోకే. అక్కడేదో పుట్టినిల్లు ఉన్నట్టు.

శ్రీకాంత్ దిక్సూచి ఉన్న బోర్డును ఊడదీసి, కాలేజీకి తెచ్చి టేబులు మీద పెట్టి చూశాడు. ఉత్తరం ఉత్తరంగానే ఉంది, తూర్పు తూర్పుగానే ఉంది. "మాది కరెక్టుగా ఉండాది. తప్పు చుక్కానిదే," అన్నాడు.

ఓబులేసు చుక్కానిని ఊడదీసి, మట్టంతో, దారంతో చూశాడు. తిన్నగానే ఉంది. మళ్ళీ బిగిస్తే మళ్ళీ ఎడమకే. కొత్తది చేసి బిగించాడు. ఎడమకే.

శ్రీకాంత్ చెడ్డవాడు కాదు. కానీ విసిగిపోయిన మనిషి నోటికి అడ్డం ఉండదు. అందరి ముందూ అనేశాడు. "చుక్కాని మార్చి ఏం లాభమప్పా? వంకర నీ చేతిలోనే ఉండాది."

ఓబులేసు తన చేతిలోని స్పానరు జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, చెరువు కట్టెక్కి వెళ్ళిపోయాడు. అలా జాగ్రత్తగా పెట్టడం చూసి నాకు భయం వేసింది. విసిరికొట్టి ఉంటే బాగుండేది.

తప్పుకు ఓనరు

మా డిపార్టుమెంటు హెడ్డు గారు పిలిపించారు. మంచి మనిషే. పిల్లలంటే అభిమానమే. ఆయనకున్న భయమల్లా బయటివాళ్ళ ముందు నవ్వులపాలవుతామని.

"చుక్కానిలో లోపం ఉందని రాసి సంతకం పెట్టండి," అన్నారు. "ఆ ఇద్దరూ బోర్డును టేబులు మీద చూపించుకుంటారు. వాళ్ళకు ఇబ్బంది ఉండదు. ఓబులేసు వచ్చే ఏడు మళ్ళీ చేసుకుంటాడు."

"వాడు వచ్చే ఏడు ఉండడు సార్."

"అలాగని ముగ్గుర్నీ ముంచుదామా?"

ఆ ప్రశ్న తప్పని చెప్పలేను. ఆ కుర్చీలో కూర్చుంటే నేనూ అదే అడిగేవాణ్ణేమో. కానీ నా ఉద్యోగమంతా చూసి చెబుతున్నాను, పైవాళ్ళకు తప్పు ఎక్కడుందో తెలుసుకునే ఓపిక తక్కువ, ఎవరిదో తెలుసుకునే తొందర ఎక్కువ. తప్పుకు ఓనరు దొరికితే మీటింగు అయిపోతుంది. వస్తువు మాత్రం అలాగే చెడిపోయి ఉంటుంది. కొత్తగా చేరేవాళ్ళు ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. సంతకం అడిగినప్పుడు, "ముందు వస్తువును చూసి వస్తా" అని లేచి రండి. ఎవరూ ఉద్యోగం తీసెయ్యరు.

నేను లేచి వచ్చాను. బయట నస్రీన్ నిలబడి ఉంది. ఓబులేసు హాస్టల్లో పెట్టె సర్దుకుంటున్నాడని చెప్పింది.

ఎదుటి గట్టు

హాస్టలుకు పోయాను. పెట్టెకు తాళం కూడా వేసేశాడు.

"యాడికప్పా?"

"ఊరికి సార్. బండి మీదికి."

"పోదువులే. పడవను చెరువు ఎదుటి గట్టుకు మొయ్యల్ల. ఒక మనిషి తక్కువైనాడు. మోసి పో."

పెద్దవాళ్ళు పని చెబితే కాదనడం ఆ పిల్లవాడికి చేతకాదు. వచ్చాడు. నా మనసులో ఉన్నదొక్కటే. పడవను ఎప్పుడూ ఒకే గట్టునుంచి ఒకే దిక్కుకు వదిలారు. జమ్ములో ఇరుక్కోవడమే గాని అది తిరిగి రావడం ఎవరూ చూడలేదు. అటువైపు నుంచి వదిలితే ఏం చేస్తుందో చూడాలనిపించింది. జవాబు నాకు తెలియదు. తెలియనప్పుడు వస్తువునే అడగాలి.

పడవను ఆటోలో కట్టుకుని చుట్టూ తిరిగి ఎదుటి గట్టుకు చేర్చాం. శ్రీకాంత్, ఓబులేసు ఒకరినొకరు చూసుకోకుండా చెరో కొస పట్టుకుని దించారు. నస్రీన్ ప్రోగ్రాము నడిపింది.

పడవ కదిలింది. కొంతదూరం పోయింది. కుడికి తిరిగింది.

 తాడు లాగి మళ్ళీ వదిలాం. మళ్ళీ కుడికే, ఆ జమ్మున్న పక్కకే.

మొదట నోరు విప్పింది ఓబులేసే. "సార్... చుక్కాని వంకరైతే యాడనించి ఇడిసినా ఎడమకే పోవల్ల గదా?"

"నన్నడుగుతావేమప్పా? చుక్కాని చేసినోడివి నువ్వు," అన్నాను. లోపల నాకు ఎగిరి గంతెయ్యాలని ఉంది.

శ్రీకాంత్ మొహం ఎర్రబడింది. "అంటే దిక్సూచా? కానీ టేబుల్ మీద కరెక్టుగా ఉండె సార్, మీరూ చూసినారు."

"టేబుల్ మీద కరెక్టు, పడవలో తప్పు," అంది నస్రీన్ నెమ్మదిగా. "అంటే పడవలోనే ఏదో ఉండాది."

"ముందు సగంలో ఇనుప మేకు గూడా లేదు. నేనే చూసినా," అన్నాడు శ్రీకాంత్.

ఓబులేసు మోకాళ్ళ మీద కూర్చుని పడవ ముక్కు వంక చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి, "రంగేసినాక ముందర సంచి ఎనక్కి జరిపినాం గదా," అన్నాడు. "రంగు బరువైతే పడవంతా బరువెక్కల్ల. ముక్కొకటే ఎందుకు వంగుతాది?"

అంతమందిమి చూశాం ఆ వంగడాన్ని. మాకెవరికీ ఆ ప్రశ్న తట్టలేదు. దిక్సూచి జబ్బును బరువు లెక్కతో పట్టుకున్నవాడు మా పరీక్షలు తప్పినవాడే.

ముక్కులో

పై మూత తీశారు. దిక్సూచి పెట్టె తీసేశారు. దాని ముందర, పడవ కొనలో, చెయ్యి మాత్రమే పట్టే సందు ఉంది. ఓబులేసు చెయ్యి పెట్టి తడిమాడు. అక్కడ నున్నగా పుట్టీ పెట్టి, పైన రంగేసి ఉంది. ఆ పుట్టీ మేము పెట్టింది కాదు. స్క్రూడ్రైవరుతో గోకాడు. పసుపుగుడ్డ కనిపించింది. గుడ్డ లాగితే దాంతోపాటు బరువుగా ఒకటి ఊడి అరచేతిలో పడింది.

గుర్రపు లాడం.

అరిగిపోయి, ఒక పక్క మేకు బెజ్జం పగిలి, సందుల్లో పాత కుంకుమ గట్టకట్టి ఉంది. శ్రీకాంత్ కోపంగా ఏదో అనబోయి, ఓబులేసు మొహం చూసి ఆగిపోయాడు.

"ఇది మా బండిది సార్," అన్నాడు ఓబులేసు.

గట్టు మీద కూలబడి చెప్పాడు. వాళ్ళ నాయన మొదటి లారీ ఎక్కినప్పటినుంచీ ఆ లాడం ఉందట. బండి మారినప్పుడల్లా పాతదాని మీదనుంచి ఊడదీసి కొత్తదానికి బిగించేవాడట. ఇంట్లో ఎవర్నీ తాకనిచ్చేవాడు కాదట. లోడుతో ఘాట్ రోడ్డు దిగేటప్పుడు దాని మీదే భారం వేస్తానని అంటుండేవాడట.

"ఇప్పుడిది లేకుండానే దిగుతాండాడు సార్," అన్నాడు.  "నన్ను బండి మీదికి రా, బండి మీదికి రా అనేటోడు. బండికి ఉండేదాన్ని తీసి దీనికి పెట్టినాడు. నాకొక మాట గూడా చెప్పలే."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మేష్టర్లు పిల్లల ముందు కళ్ళు తుడుచుకోకూడదని ఎక్కడా లేదు. తుడుచుకున్నాను. కొడుకు చదువు తండ్రికి ఎగతాళి కాదు. భయం. ఎవరూ లేకుండా నీళ్ళ మీదికి పోయేదాన్ని, తన కొడుకు చేసినదాన్ని, నలుగురి కళ్ళ ముందు బోసిగా పంపడానికి ఆయనకు మనసొప్పలేదు. తన దగ్గరున్న కాపలా అదొక్కటే. లారీకి ముందర పెట్టినట్టే పడవకూ ముందర పెట్టాడు. ఆ ముందరే మా దిక్సూచి ఉంది.

శ్రీకాంత్ వచ్చి ఓబులేసు పక్కన కూర్చున్నాడు. కాసేపు గడ్డి పీకాడు. "నేనన్న మాట మనసులో పెట్టుకోవద్దప్పా. నీ చుక్కాని బంగారమట్లుండాది," అన్నాడు. ఓబులేసు తలూపాడు. మగపిల్లల క్షమాపణలు అంతకంటే పొడుగ్గా ఉండవు.

లాడం తీసేసి వదిలితే పడవ గీత గీసినట్టు పోయింది.

హెడ్డు గారు లోపం ఏమిటో రాసిమ్మన్నారు. "పడవ ముక్కులో ఇనుప వస్తువు ఉన్నందున దిక్సూచి తప్పింది, తీసివేశాం" అని రాసిచ్చాను. "ఎవరు పెట్టారు?" అన్నారు. "పడవ మంచి కోరినవాళ్ళు సార్," అన్నాను. ఆయన నన్ను ఒక చూపు చూసి, ఆ కాగితాన్ని అలాగే ఫైల్లో పెట్టేశారు. చెప్పాను గదా, మంచి మనిషని.

కట్ట వెనక

ఎగ్జామినరు వచ్చిన రోజు సుబ్బన్న కూడా టిప్పరేసుకుని వచ్చాడు. బండి కట్ట మీద ఆపి దిగాడు. బంపరు మీద లాడం ఉండే చోట రెండు బెజ్జాలు ఖాళీగా కనిపించాయి.

వస్తూనే పడవ ముక్కు వంక చూశాడు. ఓబులేసు తువ్వాల్లో చుట్టిన లాడం తీసి తండ్రి చేతిలో పెట్టాడు. ఎలా చెప్పాలో నాతో చాలాసార్లు అనుకున్నాడు గానీ, తీరా అవేవీ గుర్తు రాలేదు.

"తీసినారా?" అన్నాడు సుబ్బన్న. మొహం చిన్నబోయింది.

"దీనికి దిక్కు సూపేది ముక్కులో ఉండాది నాయనా. ఇనుము పక్కనుంటే దావ తప్పుతాది."

"మరి బండికేం కాదే? ఇన్నేండ్లూ ముందరే ఉండె."

"బండిలో నువ్వుంటావు గదా నాయనా. దీంట్లో ఎవురూ లేరు."

సుబ్బన్న ఆ మాట విని కొడుకు మొహంలోకి చూశాడు. ఎప్పుడూ చూడనట్టు చూశాడు. తరవాత చేతిలోని లాడం చూసుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకా వెనక్కి పోయాడు. నీళ్ళకు దూరంగా, చేతిని వీపు వెనక పెట్టుకుని నిలబడ్డాడు.

"అంత దూరం అక్కర్లేదు సుబ్బన్నా. ఆ కాస్తకు ఏం కాదు," అన్నాను.

"ఈ కాస్తకే దావ తప్పింది గదా సారూ," అన్నాడు. కట్ట మీది టిప్పరు వంక అనుమానంగా చూశాడు. "అదంతా ఇనుమే."

నేను నవ్వి, అంత దూరానికి లెక్కలోకి రాదని చెప్పబోయాను. ఇంతలో ఎగ్జామినరు ఏదో అడిగితే అటు తిరిగాను. వెనక ఇంజను స్టార్టయిన చప్పుడు. చూసేసరికి టిప్పరు కట్ట దిగి అవతలికి పోతోంది.

ఓబులేసు చూశాడు. కేకెయ్యడానికి నోరు తెరిచాడు. పడవ అప్పటికే నీళ్ళలో ఉంది.

ఈసారి తాడు కట్టలేదు. నస్రీన్ వేళ్ళు మడిచి నోటికి అడ్డం పెట్టుకుంది. నెమళ్ళ పడవ గట్టు వదిలి పోయింది. అందరి చూపూ ఎడమవైపు జమ్ము మీదే. పడవ దాని వంక కూడా చూడలేదు. ఎర్ర డబ్బా దాకా పోయి, నిదానంగా చుట్టు తిరిగి, మా వైపు మళ్ళింది. ఎగ్జామినరు కంటే ముందు చప్పట్లు కొట్టింది మా హెడ్డు గారే. పడవ ముక్కు గట్టుకు తగలకముందే ఓబులేసు చెప్పులు వదిలేసి కట్ట మీదికి పరిగెత్తాడు. నేను ఆయాసపడుతూ వెనకే పోయాను.

కట్ట అవతల, చెరువు కనపడని పల్లంలో, టిప్పరు ఆగి ఉంది. సుబ్బన్న లోపలే కూర్చుని ఉన్నాడు. కొడుకును చూసి అద్దం దించాడు.

"వచ్చిందా?"

"వచ్చింది నాయనా. పోయి, తిరిగి వచ్చింది."

"ఎవురూ ల్యాకుండానే?"

"ఎవురూ ల్యాకుండానే."

సుబ్బన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం చాలాసేపు పట్టింది. కొడుకు పడవ నీళ్ళ మీద పోవడం ఆయన చూడలేదు. అది దారి తప్పకూడదని చూడకుండా కూర్చున్నాడు.

"లాడం ఇటియ్యి," అన్నాడు ఓబులేసు. జేబులోంచి స్పానరు తీశాడు. బంపరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పాత బెజ్జాల్లోనే దాన్ని బిగించడం మొదలుపెట్టాడు.

సుబ్బన్న దిగి వచ్చి కొడుకు తల మీదుగా వంగి చూశాడు. "తిన్నగా పెట్టు. వంకర పోయేను."

"నా చేతితో బిగించింది వంకర పోదు నాయనా," అన్నాడు ఓబులేసు.